కుక్కగారి వెంట వచ్చినవాళ్ళు

డల్సీ పెంగెల్లీ లెక్కలో ఈ భూమ్మీద మనుషులనేవాళ్ళు లేరు. కుక్కలున్నాయి, కుక్కల వెంట వచ్చేవాళ్ళున్నారు. అంతే.

పోర్ట్ టెరిన్ రేవు దాటి, ఆకాశాన్నంటే గోధుమ గాదెలు దాటి, ఇసుకదారి పట్టుకుని పోతే చివర్న సున్నపురాతి గోడలూ రేకుల కప్పూ ఉన్న చిన్న ఇల్లొకటి వస్తుంది. అది డల్సీది. సెలవులకు సముద్రం ఒడ్డుకు వచ్చే కుటుంబాలకు అద్దెకిస్తుంది. గేటుకు ఆవిడ స్వయంగా రంగులతో రాసి తగిలించిన పలక ఉంటుంది: "కుక్కలకు స్వాగతం. మనుషులు తోడుగా రావచ్చు." వచ్చినవాళ్ళు అది చదివి పకపకా నవ్వి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని లోపలికి వెళ్ళేవారు. లోపలికి వెళ్ళాక తెలిసేది అది హాస్యం కాదనీ, ఆ ఇంటి రాజ్యాంగమనీ.

ఆ రాజ్యాంగం కింద అందరికంటే ఎక్కువ నలిగిన మనిషి పక్కింటి వెర్నా. ఇల్లు ఊడ్చేదీ, దుప్పట్లు ఉతికేదీ, దిండ్ల కింద దొరికిన ఎముకలు ఏరి పారేసేదీ ఆమే. కుక్కల తువ్వాళ్ళు మెత్తగా, దళసరిగా, అంచు కుట్టి ఉండేవి. మనుషుల తువ్వాళ్ళలోంచి అవతలి ఒడ్డు కనిపించేది.

"కనీసం మొహం తుడుచుకోడానికైనా పనికిరావాలి కదా డల్సీ!" అని వెర్నా మొత్తుకునేది.

"మనుషులకేమే, చొక్కా చేతులుంటాయి. తుడుచుకుంటారు. కుక్కలకున్నాయా చొక్కాలు?" అనేది డల్సీ.

ఒకసారి అడిలైడ్ నుంచి ఎవరో పేరుమోసిన లాయరు ఫోన్ చేశాడు. డల్సీకి కాస్త చెవుడు. ఫోన్ స్పీకర్లో పెట్టి, తనూ అరిచి మాట్లాడేది. అందుచేత ఆవిడ రహస్యాలన్నీ రేవులో లంగరేసిన ఓడలకు కూడా తెలిసేవి. వెర్నాకు తెలియడంలో వింతేముంది?

"వచ్చేవారం ఇల్లు ఖాళీగా ఉందాండీ?" అన్నాడు లాయరు.

"ఎవరికి?"

"మాకేనండీ. నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ..."

"వాళ్ళ సంగతి తర్వాత. కుక్క పేరేంటి?"

"బ్రూనో."

"ఫోన్ బ్రూనోకివ్వండి."

"అంటే?"

"అంటే ఏముంది నాయనా, వాడి చెవి దగ్గర పెట్టండి."

కోర్టులో జడ్జీలకే ముచ్చెమటలు పట్టించే ఆ మనిషి కిక్కురుమనకుండా ఫోన్ తీసుకెళ్ళి కుక్క చెవికి ఆనించాడు. డల్సీ వాడితో ఏవో నాలుగు ముక్కలు మాట్లాడింది. అవతల బ్రూనో రెండుసార్లు మొరిగాడు.

"శనివారం రమ్మన్నాను," అంది డల్సీ లాయరు మళ్ళీ లైన్లోకి రాగానే. "వాడికి సముద్రం వైపు గది కావాలట. మీ గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు."

ఆ సముద్రం వైపు గదే ఇంటిమొత్తానికి మంచి గది. పెద్ద కిటికీ, పరుపు మీద పరుపు వేసిన ఇత్తడి మంచం. అది కుక్కది. వెంట వచ్చినవాళ్ళకు వెనక గదిలో మడత మంచాలు. ఒళ్ళు కదిల్తే చాలు, ఆ కిర్రుమనే చప్పుడుకి ఊరంతా లేచేది. లాయరు భార్య మర్నాడు పొద్దున్నే నడుం పట్టుకుని వచ్చి, "ఆ గది మంచం మేము వాడుకోవచ్చా అమ్మా?" అని అడిగింది.

"నన్నడుగుతారేమిటి? గది బ్రూనోది. బ్రూనోని అడగండి."

పాపం ఆవిడ నిజంగానే అడిగింది. బ్రూనో తోకాడించాడు. ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా అన్నది వారం చివరిదాకా తేలలేదు.

పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కుక్క పేరు ఒకసారి వింటే డల్సీకి పదేళ్ళయినా గుర్తే. మనుషుల పేర్లు ఆవిడ చెవిలోకి పోయేవే కావు. పట్నం నుంచి వచ్చిన బ్యాంకు పెద్దమనిషిని పట్టుకుని బేకరీలో అందరి ముందూ "ఏమోయ్ టాఫీ వాళ్ళ నాన్నా!" అని కేకేసింది. ఆ వారమంతా ఊరు ఊరంతా ఆయన్ని అలాగే పిలిచింది. వెళ్ళేరోజున ఆయనే చేపల కొట్లో "నేనండీ, టాఫీ వాళ్ళ నాన్నని. రెండు ముక్కలు వేయించి పెట్టండి," అన్నాడట.

కోడి పెట్టతో దిగిన కుటుంబాన్ని తలుచుకుంటే వెర్నాకు ఇప్పటికీ నవ్వాగదు. ఆ ఇంటి ఆడపిల్లకు ఆ పెట్ట ప్రాణం. కుక్కలకే చోటంటారేమోనని వాళ్ళు గేటు దగ్గర భయపడుతూ నిలబడ్డారు. డల్సీ కళ్ళజోడు సర్దుకుని పెట్టని ఎగాదిగా చూసి, "కాళ్ళు రెండు తక్కువైతే మాత్రం ఏం? రా అమ్మా," అని దాన్ని తీసుకెళ్ళి మఖమల్ కుర్చీలో కూర్చోబెట్టింది. మర్నాడు అది ఆ కుర్చీలోనే గుడ్డు పెట్టింది. ఇంటాయన ఆ గుడ్డు పొయ్యి మీద వేయబోతుంటే డల్సీ అడ్డం పడింది.

"కన్నతల్లిని అడిగావా?"

చివరికి గుడ్డును పళ్ళెంలో పెట్టి, పెట్ట ముందు ఉంచి, అది మొహం తిప్పుకునేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. టిఫిన్లయ్యేసరికి మధ్యాహ్నమైంది.

"ఈవిడకి పిచ్చే," అని ఊళ్ళో కొందరు తీర్మానించారు. "పిచ్చి కాదు, పొగరు. మనుషులంటే గిట్టదు," అన్నారు ఇంకొందరు. వెర్నా ఏ పక్షమూ తీసుకోలేదు. ఆమెకు ఉతకాల్సిన తువ్వాళ్ళు చాలా ఉండేవి.

ఇంతలో ఆ కరువు సంవత్సరం వచ్చింది. నిజానికి కరువు మూడేళ్ళుగా ఉంది. ఆ ఏడు మాత్రం లోపలి పొలాల్లో గోధుమ వెన్ను కూడా తీయలేదు. కోతల కాలంలో గాదెల ముందు రోడ్డు పొడుగునా లారీలు బారులు తీరి ఉండాల్సింది, ఎక్కడో ఒకటీ అరా వచ్చి తూకం వేయించుకుని తలొంచుకుని పోతున్నాయి. ఆ లారీల డ్రైవర్ల వెంట కుక్కలుంటాయి. డల్సీ రోజూ బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని అక్కడికి పోయి కూర్చునేది.

ఒకరోజు వెర్నా డల్సీ వంటింట్లో దుప్పట్లు మడతపెడుతోంది. ఆమె కాళ్ళ దగ్గర డల్సీ సొంత కుక్క పుడింగ్ పడుకుని ఉంది. అది పేరుకు టెర్రియర్ జాతి చిన్నకుక్కే గానీ చూడ్డానికి నాలుగు కాళ్ళున్న పీపా. డల్సీ ఫోన్ అందుకుని ఏదో నంబరు నొక్కింది.

"హలో! స్పానర్ ఉన్నాడా?"

అవతల ఒక మగగొంతు నూతిలోంచి వస్తున్నట్టు పలికింది. "ఏ సైజు స్పానరు?"

"సైజులేమిటి? కుక్క స్పానరు!"

"ఓ, వాడా. దొడ్లో ఉన్నాడు. ఎవరు మాట్లాడేది?"

"పోర్ట్ టెరిన్ నుంచి డల్సీ పెంగెల్లీని. మీ స్పానర్‌కి సెలవులు మంజూరయ్యాయి. ఓ వారం సముద్రం ఒడ్డున ఉచిత బస."

"ఎవరు మంజూరు చేశారు?"

"నేనే."

"వాడు గొర్రెలు తోలే కుక్కమ్మా. సెలవులు తీసుకోడు."

"ఎప్పట్నుంచి తీసుకోలేదు?"

"పుట్టినప్పటినుంచీ."

"అయ్యయ్యో! పైకి చెప్పకండి బాబూ, ఎవరైనా వింటే కేసు పెడతారు."

"అమ్మా, ఇక్కడ కోయడానికి గింజ లేదు. ఉన్న గొర్రెల్ని సగం అమ్మేశాను. ఇలాంటప్పుడు నాకు సెలవులూ గిలవులూ..."

"మీకెవరిచ్చారు?" గయ్యిమంది డల్సీ. "మిమ్మల్ని పిలిచానా నేను? స్పానర్‌ని పిలిచాను. వాణ్ణి ఇక్కడ దింపేసి మీ దారిన మీరు పొండి!"

 అవతల వెనకాల ఎక్కడినుంచో ఒక ఆడగొంతు మెల్లిగా, "తీసుకెళ్దాం మెర్వ్. పాపం, కుక్కకి," అంది.

ఫోన్ పెట్టేశాక వెర్నా దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ముక్కూ మొహం తెలియని కుక్కకి ఊరికే ఇల్లిస్తావా? అద్దెకొస్తామన్నవాళ్ళని వద్దని?"

"అలిసిపోయిందట," అంది డల్సీ.

చెప్పిన రోజుకి ఎర్రమట్టి కొట్టుకుపోయిన పాత పికప్ బండి వచ్చి గేటు ముందాగింది. మెర్విన్ నోస్కే ఇంజను ఆపలేదు, బండి దిగలేదు. యాభై దాటిన మనిషి. టోపీ కళ్ళమీదికి లాక్కుని కూర్చున్నాడు. పక్కన భార్య ఐలీన్, ఒళ్ళో చేతులు ముడుచుకుని. వెనక తొట్టిలోంచి మూతి నెరిసిన కెల్పీ జాతి కుక్క ఒక్క దూకు దూకింది.

డల్సీ సూటిగా కుక్క దగ్గరికే వెళ్ళింది. "రావయ్యా స్పానర్! ప్రయాణం బాగా జరిగిందా? నీ డ్రైవరు కుదుపుల్లేకుండా తోలాడా?"

"దింపేశానమ్మా. వచ్చే శనివారం వచ్చి తీసుకెళ్తాను," అన్నాడు మెర్విన్ ముందుకు చూస్తూ.

"కుదరదు. వీడు బెంగపెట్టుకుంటే జవాబుదారీ ఎవరు?"

"ఫోన్లో దింపేసి పొమ్మన్నారు కదా!"

"అన్నాను. అప్పటికి వీడి మొహం చూడలేదు. డ్రైవర్లకి గదుంది. దిగండి."

మెర్విన్ భార్య వైపు చూశాడు. ఐలీన్ అప్పటికే దిగి, బట్టల సంచి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆ సంచి కుక్కది మాత్రం కాదు. వెర్నా అది గమనించింది.

ఇంకో సంగతీ గమనించింది. సముద్రం వైపు గదిలో ఇత్తడి మంచం మీద కొత్త దుప్పట్లు పరవమని పొద్దున్నే చెప్పిన డల్సీ, ఇప్పుడు స్పానర్ మొహంలోకి చూసి, "అలాగా? సరే నీ ఇష్టం," అని తలాడించింది. తర్వాత విసుగ్గా, "వీడికి నేలమీద పడుకుంటేనే నిద్రట. ఆ మంచం ఊరికే ఉంటే పురుగుపట్టి పోతుంది. డ్రైవర్ని పడుకోమను వెర్నా," అంది. స్నానాల గదిలో చూస్తే, అంచు కుట్టిన దళసరి తువ్వాళ్ళు మనుషుల కొయ్యకి వేలాడుతున్నాయి. వెర్నా పొరపాటేమోనని తీయబోయింది. "ఉంచు!" అని గసిరింది డల్సీ.

ఆ వారం స్పానర్‌కి డల్సీ విధించిన నియమాలు ఏ డాక్టరూ విధించి ఉండడు. పొద్దునా సాయంత్రం జెట్టీ చివరిదాకా నడవాలి. ఒక్కడూ నడవకూడదు. నీళ్ళకేసి చూస్తూ అక్కడ కూర్చోవాలి. పక్కనొకరు కూర్చుంటేనే వాడు కూర్చుంటాడు. ఉప్పునీళ్ళలో కాళ్ళు తడపాలి, అదీ తోడుంటేనే. పొద్దుగూకేసరికి నీలం పీతలు ఉడికించి పెట్టాలి. పీతల చిప్పలు వాడు విప్పుకోలేడు కనక ఒకరు విప్పాలి. విప్పినవాళ్ళకి ఊరికే కూర్చోవడం బాగోదు కనక వాళ్ళూ తినాలి.

"ఇంతకన్నా గొర్రెలు కాయడమే తేలికరా స్పానర్," అని గొణుక్కుంటూ మెర్విన్ బయల్దేరేవాడు.

స్పానర్‌కి మాత్రం సెలవులంటే ఏమిటో అర్థం కాలేదు. మొదటి రోజే ఒడ్డున వాలిన సీగల్ పక్షులన్నిటినీ మందచేసి గేటులోకి తోలబోయాడు. అవి ఎగిరిపోతే ఇక లాభం లేదనుకుని, ఇసుకలో తలా ఒక దిక్కున కూర్చున్న ఓ సెలవుల కుటుంబాన్ని, అమ్మమ్మతో సహా, చుట్టూ తిరిగి ఒక్కచోటికి చేర్చి కాపలా పడుకున్నాడు. అమ్మమ్మ కదలబోతే కళ్ళెర్రజేశాడు.

"ఒరేయ్! అవి గొర్రెలు కావురా! వదిలెయ్యి!" అని కేకేస్తూ మెర్విన్ ఇసుకలో పరిగెత్తాడు. పరిగెత్తి, తడబడి, బోర్లాపడ్డాడు. లేచి కూర్చుని అమ్మమ్మ మొహం చూశాడు. ఆవిడ ఐస్‌క్రీము చేత్తో పట్టుకుని మందలో గొర్రెలాగే అతన్ని గుడ్లప్పగించి చూస్తోంది.

ఇక్కడ పెరట్లో వెర్నాతో కలిసి బట్టలారేస్తున్న ఐలీన్ చటుక్కున ఆగిపోయింది. "ఏమిటా చప్పుడు?"

వెర్నా గోడ మీదుగా తొంగిచూసింది. "మీ ఆయనే. నవ్వుతున్నాడు."

ఐలీన్ నోట్లోని బట్టల క్లిప్పు తీసి తాడుకి తగిలించింది. తర్వాత చిన్నగా అంది. "గుర్తుపట్టలేదండీ. ఈమధ్య ఆయన బాగున్న కంచెలే విప్పి మళ్ళీ కడుతున్నాడు. పొద్దువాలితే పొలం ఆ చివరికి పోయి నిలబడిపోతాడు. నేను కుక్కని వెతుక్కుంటున్నట్టు అటు పోయి తీసుకొచ్చేదాన్ని. ఎవర్నైనా సాయమడుగుదామంటే అడగనిచ్చేవాడు కాదు. ఒకరి దగ్గర చేయి చాపడం ఆయన వంశంలోనే లేదు."

ఆ మర్నాడు బేకరీలో వెర్నాకు లారీ తోలే డాజ్ కనిపించాడు. "ఏం వెర్నా, నోస్కేవాళ్ళు మీవైపే ఉన్నారటగా. మెర్వ్ కాస్త తేరుకున్నాడా?"

"మెర్వ్ సంగతి నీకెలా తెలుసు?"

"మా ఊరివాడే కదా. డల్సీతో చెప్పింది నేనే. ఆవిడ రోజూ గాదెల దగ్గరికొచ్చి, 'ఎవరింట్లో కుక్క అలిసిపోయింది?' అని అడుగుతుంటే నేను, 'కుక్కలకేం, దుక్కల్లా ఉన్నాయి. అలిసిపోయింది మా మెర్విన్ నోస్కే. మాటా పలుకూ లేదు, చూస్తే భయమేస్తోంది' అన్నాను."

"దానికావిడ ఏమంది?"

"'వాళ్ళ కుక్క పేరేంటి?' అంది."

వెర్నా కొన్న రొట్టె కౌంటరు మీదే వదిలేసి బయటికొచ్చింది. వెనకనుంచి డాజ్ కేకేసి రొట్టె అందించాల్సి వచ్చింది.

నోస్కేవాళ్ళు వెళ్ళేరోజున డల్సీ గేటు దగ్గర పుడింగ్‌తో నిలబడింది. మెర్విన్ మొహాన ఎండ తగిలి రంగొచ్చింది. టోపీ తలమీద ఉండాల్సిన చోటే ఉంది. బండెక్కబోతూ ఆగి, డల్సీ వైపు చూశాడు. కృతజ్ఞతలు చెప్పడం అతనికి అలవాటు లేదు. చివరికి మోకాళ్ళమీద వంగి కుక్క చెవి దగ్గర నోరుపెట్టాడు.

"స్పానర్, ఆవిడతో చెప్పరా. నువ్వు చాలా అలిసిపోయి వచ్చావనీ, ఎంత అలిసిపోయావో నీకే తెలియలేదనీ. ఇప్పుడు బాగున్నావనీ."

డల్సీ కూడా వంగింది. నడుం పట్టేసినా వంగింది. "నీ డ్రైవరుతో చెప్పు స్పానర్. నువ్వంటే ఇక్కడందరికీ ఇష్టమని. మళ్ళీ అలుపొస్తే కంచెల దగ్గర నిలబడద్దనీ, ఫోన్ చేయమనీ."

"ఇంకోటి చెప్పరా. గేటు వేలాడుతుంటే తెల్లవారగట్ల లేచి బందులు బిగించావని. ఇంక కిర్రుమనదు."

"బిగించింది స్పానరేగా!" అంది డల్సీ. అంటూనే తను ఏమందో తనకే తట్టి ఫక్కుమంది. మెర్విన్ నవ్వాడు. ఐలీన్ బండిలో కూర్చుని ఒకపక్క నవ్వుతూ ఒకపక్క ముక్కు చీదుకుంది. స్పానర్ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, తనకేదో బహుమతి వచ్చిందనుకుని తోకాడించాడు.

ఆ సాయంత్రం వెర్నా తన ఇంట్లో గిన్నెలు తోముకుంటుంటే చేయి నీళ్ళలోనే ఆగిపోయింది.

తన భర్త క్లెమ్ చనిపోయిన ఏటి చలికాలం గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించబుద్ధి కాక, ఎవరింటికీ పోబుద్ధి కాక తలుపేసుకుని కూర్చున్న రోజులవి. రోజూ దీపాలవేళ డల్సీ పుడింగ్‌ని చంకనేసుకుని వచ్చి తలుపు బాదేది. "ఏం చెప్పమంటావే, ఈ దౌర్భాగ్యుడు తిండి మానేశాడు! నువ్వు పక్కన కూర్చుంటే గానీ ముట్టనంటున్నాడు. లే, లే!" వెర్నా విసుక్కుంటూనే వెళ్ళేది. అక్కడ బల్లమీద రెండు పళ్ళేలుండేవి. పుడింగ్ తింటుంటే చూస్తూ ఊరికే కూర్చోలేక ఆమే నాలుగు ముద్దలు తినేది. ఆ చలికాలమంతా, పాపం మొండికుక్క కోసం వెళ్తున్నాననే అనుకుంది.

పుడింగ్ తిండి మానేయడమా! కొవ్వొత్తులు తిన్న కుక్క అది. కిటికీ తెరల తాళ్ళు తిన్నది, ఒక పాదిరీగారి చెప్పు తిన్నది. అది పుట్టాక పళ్ళెం వద్దన్న రోజు ఒక్కటుందా?

"ఎంత తెలివితక్కువదాన్ని!" అని వెర్నా పైకే అనేసి, చేతులు తుడుచుకోకుండానే నవ్వుతూ కుర్చీలో కూలబడింది. పక్కింటి వంటింటి కిటికీలోంచి డల్సీ కనిపిస్తోంది. ఒక్కతీ నిలబడి, కాల్చిన రొట్టెముక్క చేత్తో పట్టుకుని తింటోంది. పుడింగ్‌కి మాత్రం మాంసం వేసి పళ్ళెం పెట్టింది.

మర్నాడు వెర్నా మాంసమూ బంగాళాదుంపలూ కూరి అరడజను పేస్టీలు కాల్చింది. దీపాలవేళ డల్సీ తలుపు బాది, సూటిగా లోపలున్న కుక్కతోనే మాట్లాడింది.

"పుడింగ్, నీకోసం పేస్టీలు చేశాను. మా ఇంటికి భోజనానికి రా. కానీ ఒక్కడివీ రాకు, వీధి దాటలేవు. ఎవర్నైనా తోడు తెచ్చుకో."

డల్సీ కళ్ళజోడు పైనుంచి ఆమెను చూసింది. దొంగ దొరికిపోయినట్టు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "వీధెక్కడుందే మధ్యలో? గోడేగా!"

"నేను మాట్లాడుతున్నది నీతో కాదు డల్సీ."

డల్సీ శాలువా అందుకుంది. "సరేరా, పద. పిలిచారుగా, పోకపోతే బాగోదు," అంది పుడింగ్‌తో.

అప్పటినుంచి అది అలవాటైపోయింది. మరుసటేడు లోపలి పొలాల్లో వానలు పడ్డాయి. గాదెల ముందు లారీలు మళ్ళీ బారులు తీరాయి. ఒక ఆదివారం వెర్నా ఇంట్లో ఇద్దరూ చేపల పులుసు ముందు కూర్చుని ఉండగా డల్సీ ఫోన్ మోగింది. స్పీకర్లోంచి మెర్విన్ గొంతు.

"డల్సీగారూ, మా పొరుగూళ్ళో కుక్కొకటుందండీ. పేరు డస్టీ. ఈమధ్య బాగా అలిసిపోయినట్టు కనిపిస్తోంది."

"మంచం మీద పడుకునే రకమా, నేలమీదా?" అని అడిగింది డల్సీ.

"నేలమీదేనండీ."

డల్సీ ఇంకా ఫోన్ పెట్టేయనేలేదు. వెర్నా చేయి కడుక్కుని, బీరువాలోంచి కొత్త దుప్పట్లు తీసుకుని, సముద్రం వైపు గదికి బయల్దేరింది.